తల్లిపాల కొరకు గృహ సందర్శనలు (సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం)

ప్రసవమైన తరువాత ఆరోగ్య కార్యకర్త బాలింత ఇంటికి వెళ్ళి, బిడ్డకు పాలిచ్చుటలో తల్లికీ కుటుంబానికీ తోడ్పడుటను తల్లిపాల కొరకు గృహ సందర్శన అంటారు. భారతదేశంలో ఈ పని ముఖ్యంగా 2011లో ప్రారంభమైన గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం క్రింద ఆశా కార్యకర్తల ద్వారా జరుగుతున్నది. తెలంగాణ రాష్ట్రంలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలు, వాటి చుట్టూ ఉన్న గ్రామాలు, తండాలు కూడా ఈ కార్యక్రమం పరిధిలోనివే. నేడు రాష్ట్రంలో దాదాపు అన్ని కాన్పులూ ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. అయితే పాలకు సంబంధించిన ఇబ్బందులు చాలావరకు తల్లి ఇల్లు చేరిన తరువాతనే బయటపడతాయి. ఆసుపత్రి సేవకూ ఇంటికీ మధ్య ఏర్పడే ఈ ఖాళీని పూరించుటే గృహ సందర్శనల ముఖ్య ప్రయోజనం.

ప్రాంతం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ పూర్వపు ఉమ్మడి నల్గొండ జిల్లాకు చెందిన పట్టణాలు. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సూర్యాపేట కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడగా, కోదాడ అందులో చేరింది. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉన్నది. సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై ఉన్నాయి. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ద్వారా సాగునీరు అందుతుంది. వరి ఇక్కడి ప్రధాన పంట. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి చెందినది.

కోదాడకు తూర్పున ఆంధ్ర ప్రదేశ్‌లోని జగ్గయ్యపేట ప్రాంతం, మిర్యాలగూడకు దక్షిణాన కృష్ణానది ఆవల పల్నాడు ప్రాంతం ఉన్నాయి. రాష్ట్రాల సరిహద్దుకు ఇరువైపులా వివాహ సంబంధాలు ఉండుట, వరి నాట్లకు స్త్రీలు కూలికి వెళ్ళుట, లంబాడా తండాలు ఉండుట ఈ ప్రాంతంలో బాలింతల సంరక్షణపై ప్రభావం చూపే అంశాలు.

చరిత్ర

బాలింత ఇంటికి వెళ్ళి సలహా చెప్పే పద్ధతి పాతదే. ఇంగ్లండులోని మాంచెస్టర్, సాల్ఫర్డ్ పట్టణాలలో 1862లో ఒక మహిళా సంఘం పేదల ఇళ్ళకు సందర్శకులను పంపింది. ఆ దేశంలోని నేటి హెల్త్ విజిటర్ వ్యవస్థకు ఇదే మూలమని చెబుతారు. డెన్మార్క్‌లో 1937 నాటి చట్టం ద్వారా శిశువులున్న ఇళ్ళకు నర్సులను పంపే ఏర్పాటు జరిగింది.

భారతదేశంలో ఈ విధానానికి బలం చేకూర్చినది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా అనుభవం. అక్కడ వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ స్థాపించిన "సెర్చ్" సంస్థ గ్రామ మహిళలకు శిక్షణ ఇచ్చి, నవజాత శిశువులను ఇంటి వద్దనే చూసే ఏర్పాటు చేసింది. మూడవ సంవత్సరానికి నవజాత శిశు మరణాల రేటు 62 శాతం తగ్గినట్లు 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2009లో సంయుక్తంగా నవజాత శిశువుల కొరకు గృహ సందర్శనలను సిఫారసు చేశాయి.

ఈ ప్రాంతానికి సంబంధించిన ముఖ్యమైన పరిణామాలు:

* 1975 – సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం దేశంలో ప్రారంభం. దీని ద్వారానే అంగన్‌వాడీ కేంద్రాలు ఏర్పడినాయి.
* 2005 – జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రారంభం. దీనిలో భాగంగా గ్రామానికి ఆశా కార్యకర్త అనే ఏర్పాటు వచ్చింది.
* 2011 – గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ.
* 2015 జనవరి 1 – తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి పథకం. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలో ఒక పూట సంపూర్ణ భోజనం, గుడ్డు, పాలు ఇచ్చుట దీని ఉద్దేశం.
* 2016 ఆగస్టు – తల్లిపాల ప్రోత్సాహానికి "మా" పేరుతో జాతీయ కార్యక్రమం.
* 2017 జూన్ – తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రి కాన్పులకు నగదు సహాయం, శిశు వస్తువులు అందించే కేసీఆర్ కిట్ పథకం ప్రారంభం.
* 2018 – చిన్నపిల్లల కొరకు గృహ ఆధారిత సంరక్షణ. దీనితో సందర్శనలు 15 నెలల వయసు వరకు పొడిగించబడినాయి.
* 2019 – సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభం.

ఇంటి వద్ద సహాయం అవసరమగుటకు కారణాలు

కాన్పు తరువాత మొదటి రెండు మూడు రోజులు తల్లికి ముర్రుపాలు వస్తాయి. ఇవి చిక్కగా, పసుపు రంగులో, కొద్దిగానే ఉంటాయి. పుట్టిన బిడ్డ కడుపు కూడా చాలా చిన్నది కావున మొదటి రోజులలో ఒక్కొక్కసారికి కొద్ది పాలు చాలును. సాధారణంగా రెండవ రోజుకూ ఐదవ రోజుకూ మధ్య పాలు ఎక్కువగా పడతాయి. అప్పుడే రొమ్ములు బరువెక్కి గట్టిపడుట, బిడ్డ చనుమొనను సరిగా పట్టలేకపోవుట, చనుమొనలు పగులుట మొదలగు బాధలు మొదలవుతాయి.

సహజ కాన్పు అయిన తల్లి సుమారు ఇదే సమయానికి ఆసుపత్రి నుండి ఇంటికి వస్తుంది. రాత్రివేళ బిడ్డ మాటిమాటికి ఏడ్చినప్పుడు "పాలు చాలడం లేదు" అనే అనుమానం ఇంటిలో కలుగుతుంది. ఆ అనుమానంతో డబ్బా పాలు ప్రారంభిస్తే బిడ్డ రొమ్ము చీకుట తగ్గుతుంది. చీకుట తగ్గినకొద్దీ పాల ఉత్పత్తి కూడా తగ్గుతుంది. ఈ విధంగా మొదట లేని కొరత కొద్ది రోజులలో నిజంగానే ఏర్పడుతుంది. సరైన సమయంలో ఒకరు వచ్చి బిడ్డ పాలు త్రాగే తీరును కళ్ళారా చూసి సరిచేస్తే ఈ వరుస ఆగిపోతుంది.

సందర్శనల క్రమం

ఆసుపత్రిలో కాన్పు అయినచో ఆశా కార్యకర్త 6 సార్లు ఇంటికి రావలెను: 3, 7, 14, 21, 28, 42వ రోజులలో. ఇంటి వద్ద కాన్పు అయినచో మొదటి రోజు సందర్శనతో కలిపి మొత్తం 7 సార్లు. శస్త్రచికిత్స ద్వారా కాన్పు అయిన తల్లి ఐదారు రోజులు ఆసుపత్రిలోనే ఉంటుంది గనుక సందర్శనలు 7వ రోజు నుండి మొదలై 5 మాత్రమే ఉంటాయి. ఆ తరువాత 3, 6, 9, 12, 15 నెలలకు మరో 5 సందర్శనలు ఉంటాయి. తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు, నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగం నుండి ఇంటికి వచ్చినవారికి అదనపు సందర్శనలు ఉంటాయి.

ఆశా కార్యకర్త వద్ద బిడ్డను తూచే కాటా, ఉష్ణమాపకం, గడియారం, దుప్పటి, చెంచా వంటి వస్తువులు గల సంచి ఉంటుంది. ఏ.ఎన్.ఎం., అంగన్‌వాడీ టీచరు ఆమెకు తోడుగా పనిచేస్తారు. 42 రోజుల సందర్శనలన్నీ పూర్తయిన పిదప కార్యకర్తకు 250 రూపాయల ప్రోత్సాహకం ఇవ్వవలెనని కేంద్ర మార్గదర్శకాలు నిర్ణయించినాయి.

సందర్శనలో చేసే పనులు

సలహా చెప్పుటకు ముందు బిడ్డ పాలు త్రాగుటను కొన్ని నిమిషాలు గమనించుట ముఖ్యమైన పని. బిడ్డ సరిగా పట్టుకున్నదనుటకు గుర్తులు ఇవి:

* నోరు బాగా తెరచి ఉండుట
* గడ్డం రొమ్మును తాకుట
* క్రింది పెదవి బయటికి తిరిగి ఉండుట
* చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం బిడ్డ పై పెదవికి పైన ఎక్కువగా, క్రింద తక్కువగా కనబడుట
* బిడ్డ నెమ్మదిగా, లోతుగా చీకుతూ మధ్యమధ్య మ్రింగుట

పాలు చాలుచున్నవో లేదో ఏడుపును బట్టి గాక, ఇతర గుర్తులను బట్టి తెలుసుకోవలెను. రోజుకు 8 నుండి 12 సార్లు పాలు త్రాగుట, ఐదవ రోజు తరువాత రోజుకు కనీసం 6 సార్లు మూత్రం పోయుట, మలం నలుపు నుండి పసుపు రంగుకు మారుట ముఖ్యమైన గుర్తులు. మొదటి వారంలో బిడ్డ బరువు కొంత తగ్గుట సహజం. సుమారు రెండు వారాలకు పుట్టినప్పటి బరువు తిరిగి వస్తుంది. అందువలన 7, 14వ రోజుల తూకం ప్రత్యేక ప్రాధాన్యం కలిగినది. కాటా చూపిన అంకె ఇంటి పెద్దల అనుమానాన్ని తీర్చుటకు కూడా ఉపయోగపడుతుంది.

బిడ్డ పాలు త్రాగుట మానివేసినా, మందకొడిగా ఉన్నా, ఒళ్ళు చల్లబడినా లేదా జ్వరం వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు ఎగిరినా వెంటనే ఆసుపత్రికి పంపవలెను. నవజాత శిశువులలో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌కు పాలు మానుట తొలి గుర్తు కావచ్చును.

సాధారణ సమస్యలు

* రొమ్ములు గట్టిపడుట: పాలిచ్చే ముందు గోరువెచ్చని తడిగుడ్డ వేసి, చేతితో కొద్ది పాలు పిండితే నల్లని వలయం మెత్తబడి బిడ్డకు అందుతుంది. పాలిచ్చుట మానరాదు.
* చనుమొనలు పగులుట: దీనికి ఎక్కువసార్లు కారణం బిడ్డ సరిగా పట్టకపోవుటే. పట్టును సరిచేసి, పాలిచ్చిన తరువాత ఒక చుక్క పాలు చనుమొనకు రాసి ఆరనివ్వవలెను.
* రొమ్ము ఎర్రబడి జ్వరం వచ్చుట: వైద్యుని వద్దకు వెళ్ళవలెను. సాధారణంగా పాలిచ్చుట కొనసాగించవచ్చును.
* శస్త్రచికిత్స తరువాత నొప్పి: తల్లి ప్రక్కకు తిరిగి పడుకుని లేదా బిడ్డను చంక క్రిందుగా పట్టుకుని పాలిస్తే కుట్లపై బరువు పడదు.
* తక్కువ బరువు గల బిడ్డ: 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ చీకలేకపోతే పాలు పిండి చెంచాతో గాని ఉగ్గుగిన్నెతో గాని పట్టవలెను. బిడ్డను తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టే కంగారూ సంరక్షణ వలన బిడ్డకు వెచ్చదనం, పాలు రెండూ లభిస్తాయి.

ఆచారాలు

తెలుగు కుటుంబాలలో బాలింత సంరక్షణ చాలావరకు తల్లి, అత్త, అమ్మమ్మ, నాయనమ్మల చేతులలో ఉంటుంది. అందువలన సందర్శనలో తల్లితో పాటు వారితో కూడా మాట్లాడవలసి ఉంటుంది. ఆచారాలన్నిటినీ ఒకే విధంగా త్రోసిపుచ్చిన కార్యకర్త మాట సాధారణంగా చెల్లదు. మేలు చేసేవి, హాని లేనివి, మానవలసినవి అని మూడు విధాలుగా విభజించుట ఉపయోగకరం.

మేలు చేసే వాటిలో బాలింతకు విశ్రాంతి ఇచ్చుట, మొదటి వారాలలో ఇంటి పనుల నుండి తప్పించుట, బిడ్డను తల్లి ప్రక్కనే పడుకోబెట్టుట ముఖ్యమైనవి. ఉగ్గుగిన్నె పాతకాలపు వస్తువే అయినా, దాని నుండి పాలు పట్టుట పాలసీసా కంటే సురక్షితం. దానిని కడుగుట తేలిక. మునగాకు, వెల్లుల్లి, గుడ్డు వంటివి పాలు పడతాయనే నమ్మకంతో పెడతారు. పాల ఉత్పత్తికి ముఖ్య కారణం బిడ్డ చీకుట అయినప్పటికీ, ఈ ఆహారం తల్లికి బలాన్నిస్తుంది. 21వ రోజున తొట్టెల చేయుట వంటి వేడుకల వలన హాని లేదు.

మానవలసినవి: ముర్రుపాలను పిండి పారబోయుట, పుట్టిన వెంటనే తేనె, బెల్లం నీళ్ళు నాకించుట, వస కొమ్ము అరగదీసి పట్టుట, ఆముదం పోయుట, పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్ళు, కూరగాయలు తగ్గించుట. తేనె వలన సంవత్సరం లోపు పిల్లలకు బొట్యులిజం అనే అరుదైన, ప్రమాదకరమైన వ్యాధి రావచ్చును.

ఎండ, నీరు, ఫ్లోరైడు

ఉమ్మడి నల్గొండ జిల్లాలో వేసవి ఎండలు తీవ్రంగా ఉంటాయి. బిడ్డకు దాహం వేస్తుందని నీళ్ళు పట్టుట సామాన్యంగా కనిపించే అలవాటు. తల్లిపాలలో సుమారు 87 శాతం నీరే ఉంటుంది. వేసవిలో కూడా ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు వేరే నీరు అవసరం లేదు. బిడ్డకు ఎక్కువసార్లు పాలివ్వవలెను, తల్లి తాను దాహానికి తగినన్ని నీళ్ళు త్రాగవలెను.

ఈ ప్రాంతానికి సంబంధించి మరొక ప్రత్యేక విషయం ఫ్లోరైడు. నల్గొండ జిల్లా, ముఖ్యంగా మర్రిగూడ వంటి పశ్చిమ మండలాలు, భూగర్భ జలాలలోని ఫ్లోరైడు వలన కలిగే ఫ్లోరోసిస్ వ్యాధితో దశాబ్దాలు బాధపడినాయి. నీటి నుండి ఫ్లోరైడును తొలగించే ఒక ప్రసిద్ధ విధానానికి "నల్గొండ టెక్నిక్" అనే పేరే ఉన్నది. తల్లి త్రాగే నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్నప్పటికీ పాలలోనికి వచ్చేది చాలా స్వల్పం. పాలపొడిని అదే నీటితో కలిపితే ఆ ఫ్లోరైడు అంతా బిడ్డకు చేరుతుంది. మరిగించినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. మిషన్ భగీరథ పథకం ద్వారా నదీజలాలు అందిన తరువాత పరిస్థితి మెరుగుపడినా, బోరు నీరు వాడే ఇళ్ళలో ఈ సలహాకు ప్రాధాన్యం తగ్గలేదు.

పుట్టిల్లు, అత్తిల్లు

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళుట తెలుగు నాట ఆనవాయితీ. గర్భిణిగా పేరు అత్తవారి ఊరిలో నమోదై, కాన్పు పుట్టింటి దగ్గరి ఆసుపత్రిలో జరిగి, కొన్ని నెలల తరువాత తల్లీబిడ్డలు తిరిగి అత్తింటికి వస్తారు. తొలిసారి తల్లి అయినవారికే పాలిచ్చుటలో సహాయం ఎక్కువగా అవసరం. అయితే నమోదు ఒక ఊరిలో, బాలింత మరొక ఊరిలో ఉండుట వలన ఆమె ఎవరి జాబితాలోను లేకుండా పోయే అవకాశం ఉన్నది. కోదాడ నుండి జగ్గయ్యపేట వైపు, మిర్యాలగూడ నుండి పల్నాడు వైపు వెళ్ళినవారి విషయంలో రాష్ట్రం కూడా మారుతుంది.

కేంద్ర మార్గదర్శకాలు దీనిని గుర్తించి, తల్లి పుట్టింటి నుండి అత్తింటికి మారినచో రెండు ఊళ్ళ ఆశా కార్యకర్తలు సందర్శనలను పంచుకోవచ్చుననీ, ఒక్కొక్క సందర్శనకు 50 రూపాయల చొప్పున ఎవరిది వారికి ఇవ్వవచ్చుననీ పేర్కొన్నాయి. ఇది అమలు కావలెనంటే బాలింత చేరిన సంగతి రెండవ ఊరి కార్యకర్తకు తెలియవలెను. తల్లీబిడ్డల సంరక్షణ కార్డును వెంట తీసుకువెళ్ళుట, కాన్పుకు ముందే పుట్టింటి ఊరి కార్యకర్తకు కబురు చేయుట కుటుంబం చేయదగిన పనులు.

కూలి పని చేసే తల్లులు

సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వరి నాట్లు, కలుపు పనులు ఎక్కువగా స్త్రీలే చేస్తారు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో జరిగిన సవరణ 26 వారాల వేతన సెలవును కల్పించినా, రోజుకూలీలకు అది వర్తించుట లేదు. తల్లిపాల వారోత్సవాలు జరిగే ఆగస్టు మొదటి వారం వానాకాలపు నాట్ల కాలం కూడా కావడంతో, ప్రచారం జరిగే రోజులలోనే అనేక తల్లులు పొలంలో ఉంటారు.

ఇటువంటి తల్లులకు మూడవ నెల సందర్శన ముఖ్యమైనది. పనికి వెళ్ళే ముందు, వచ్చిన తరువాత, రాత్రిపూట పాలివ్వవచ్చును. పాలు పిండి శుభ్రమైన మూతగల గిన్నెలో ఉంచితే చల్లని చోట సుమారు 4 గంటలు నిలువ ఉంటాయి. వాటిని ఇంటిలోనివారు ఉగ్గుగిన్నెతో పట్టవచ్చును. పొలం దగ్గరైతే బిడ్డను వెంట తీసుకువెళ్ళి నీడలో ఉయ్యాల కట్టి మధ్యలో పాలిచ్చుట మరొక మార్గం. తండాలలో లంబాడా భాష మాట్లాడే కార్యకర్త ఉన్నప్పుడు వృద్ధులకు కూడా విషయం సులభంగా చేరుతుంది.

డబ్బా పాలు, చట్టం

శిశు పాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాలు, శిశు ఆహారాల చట్టం 1992లో వచ్చింది. 2003లో సవరించబడింది. దీని ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లల కొరకు అమ్మే పాలపొడి, శిశు ఆహారం, పాలసీసాలకు ప్రకటనలు ఇచ్చుట, తల్లులకు ఉచిత నమూనాలు పంచుట, ఆరోగ్య సిబ్బందికి కానుకలు ఇచ్చుట నేరం. మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చును. చట్టం అమ్మకాన్ని నిషేధించలేదు. వైద్య కారణాల వలన పాలపొడి నిజంగా అవసరమైన శిశువులు కొందరు ఉంటారు. అటువంటి ఇంటిలో తల్లిని నిందించక, శుభ్రంగా, సరైన పాళ్ళలో కలిపే పద్ధతిని నేర్పుట కూడా సందర్శకురాలి బాధ్యత.

గణాంకాలు, పరిమితులు

ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రులలో జరిగినాయి. వాటిలో శస్త్రచికిత్సల పాలు ఎక్కువ. మొత్తం కాన్పులలో 60.7 శాతం శస్త్రచికిత్స ద్వారా జరిగినాయి. ఇది దేశంలోని రాష్ట్రాలలో అత్యధికం. దేశం మొత్తం మీద పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతం కాగా, తెలంగాణలో 40 శాతానికి కూడా చేరలేదు. ఆరు నెలల లోపు పిల్లలలో తల్లిపాలు మాత్రమే త్రాగేవారు దేశంలో 63.7 శాతం. అనగా కాన్పు ఆసుపత్రికి మారినంత మాత్రాన తొలి గంటలో పాలు అందుట లేదు. వెన్నుకు మత్తు ఇచ్చి చేసిన శస్త్రచికిత్స తరువాత కూడా, తల్లీబిడ్డల స్థితి బాగుంటే, గంటలోపు పాలివ్వవచ్చును.

గృహ సందర్శనల అమరికలోని ముఖ్యమైన లోపం ఇక్కడనే కనబడుతుంది. శస్త్రచికిత్స అయిన తల్లికి మొదటి సందర్శన 7వ రోజున గాని రాదు. పాలు పడే కాలం, డబ్బా పాలు అలవాటయ్యే కాలం అప్పటికి గడచిపోతుంది. అందుచేత ఆమె విషయంలో ఆ మొదటి వారపు బాధ్యత ఆసుపత్రి నర్సులపైననే ఉంటుంది. ఆశా కార్యకర్తకు టీకాలు, సర్వేలు, ఇతర వ్యాధుల కార్యక్రమాల పనులు కూడా ఉండుట, పట్టణ వాడలలో అద్దె ఇళ్ళు మారే కుటుంబాలను గుర్తించుట కష్టమగుట ఇతర పరిమితులు.

ఇవి కూడా చూడండి

* తల్లిపాలు
* ముర్రుపాలు
* అంగన్‌వాడీ
* సూర్యాపేట జిల్లా
* నల్గొండ జిల్లా
* ఫ్లోరోసిస్